సర్దారు తలకు ఎంచిన దీపం

నవంబరు 18, మంగళవారం. సాయంత్రం అయిదుంబావు. కురవి దగ్గరి ఒక పల్లె, మిర్చి చేను గట్టు మీది మోటారు గది. ఉన్నవాళ్లు: సర్దారు, సర్దారు భార్య, ఫిట్టరు, నేను. నా సంచిలో రెండు దీపాలు, ఒక పాత డైరీ.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకోవడం నాకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు. భూపాలపల్లిలో ఒక బొగ్గుగని లాంపు రూములో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. లోపలికి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే దీపం ఇవ్వాలి, షిఫ్టు అయ్యాక తిరిగి తీసుకోవాలి, చార్జింగు పెట్టాలి, చెడితే బాగుచేయాలి. ఏ నంబరు దీపం ఎవరి తల మీద వెళ్లిందో రిజిస్టరులో ఉండేది. దీపం తిరిగి రాలేదంటే మనిషి పైకి రాలేదని అర్థం. ఇంటికి వచ్చాక అదే పద్ధతిలో నా డైరీ కూడా రాసుకునేవాణ్ని.

ఆ మంగళవారం మోటారు గది దగ్గర ఎవరెవరు ఉండాలో ఏర్పాటు చేసింది నేనే. అందుకే ఆ వరసను పొద్దున, ఇప్పుడు నేనుంటున్న జనగామలో రైలెక్కక ముందే రాసేశాను. నాకు సాక్షులు కావాలి.

సర్దారు అంటే గనిలో కూలీలను వెంట తీసుకెళ్లి, కప్పు గట్టిగా ఉందో లేదో చూసి పని మొదలుపెట్టించేవాడు. ఇరవై ఏడేళ్ల కిందట ఒక రెండో షిఫ్టులో ఈ సర్దారు ఇనుప తాడు తట్టుకుని బోర్లా పడ్డాడు. బొగ్గు టబ్బులను లాగే తాడు అది. ఎప్పుడూ ఉండే చోటే ఉంది. అతని ముందు పళ్లు రెండు పోయాయి. విచారణలో ఎట్లా పడ్డావని మేనేజరు అడిగితే, మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని ఒకే మాట చెప్పాడు.

"గుడ్డిదీపం ఇచ్చిండు సార్."

నాకు మెమో వచ్చింది. లాంపు రూము నుంచి తీసి, కార్మికులు పైకి వచ్చాక స్నానాలు చేసే గదుల దగ్గర మూడు నెలలు వేశారు. బొగ్గు నీళ్లు తోడుతుంటే, నిన్నటిదాకా నా కిటికీ ముందు వరసలో నిలబడ్డవాళ్లు సబ్బు రుద్దుకుంటూ నన్ను చూసి నవ్వారు. మూడు నెలల తర్వాత నా కుర్చీ నాకు తిరిగి ఇచ్చారు. పేరు మాత్రం తిరిగి ఇవ్వలేదు. అప్పటి నుంచి నేను గుడ్డిదీపాన్ని. కాలనీలో ఇల్లు అడిగితే "గుడ్డిదీపమోళ్ల ఇల్లా, గా మూలకుంటది" అని చూపించేవారు. అంగట్లో మా ఆవిడను గుడ్డిదీపం ఇంటామె అని పిలిచేవారు. మా పెద్దమ్మాయి పెళ్లి కార్డు మీద, నేను నా చేత్తో రాసి ఇచ్చిన పేరు పక్కన ఎవడో పెన్నుతో బ్రాకెట్టు గీసి ఆ మాట చేర్చాడు. నేను ఉద్యోగం దిగిన రోజు రంగు కాగితం చుట్టి ఒక టార్చిలైటు బహుమతిగా ఇచ్చారు. ఇచ్చింది సర్దారే. హాలంతా చప్పట్లు.

వెలుగు చాలని దీపాన్ని మనం గుడ్డిదీపం అంటాం. చూడలేకపోవడం కంటిది కదా, దీపానికి ఎందుకు అంటగట్టారో అని స్నానాల గదుల దగ్గర కూర్చుని చాలాసార్లు అనుకున్నాను.

ఆ రోజు అతనికి ఇచ్చిన దీపం నంబరు 214. ఆ రాత్రి డైరీలో నేను రాసింది మూడు ముక్కలు. "రెండో షిఫ్టు. 214 సర్దారుకు. ఇచ్చేముందు రెండుసార్లు గోడ మీద వేసి చూశాను, వెలుగు బాగుంది." ఆ పేజీ మేనేజరుకు చూపిస్తానంటే, ఇంట్లో రాసుకునేవి చెల్లవన్నారు. సరే, చెల్లేచోట చూపిస్తానని దాచుకున్నాను. నాకు కావలసింది ఒకటే. ఆ రోజు దీపం మంచిదేనని, మనుషుల ముందు, అతని నోటితో అతనే చెప్పాలి. అది వినకుండా నేను పోకూడదు, చెప్పకుండా అతను పోకూడదు.

ఈ అక్టోబరులో ఫిట్టరు భూపాలపల్లిలో కొత్త ఇల్లు కట్టుకుని దావత్ ఇచ్చాడు. ఫిట్టరు గనిలో నీళ్లు తోడే పంపులు చూసేవాడు, నాకంటే నాలుగేళ్లు చిన్న. పాతవాళ్లం పదిహేను మందిదాకా కలిశాం. సర్దారు కురవి వైపు తన సొంత ఊరి నుంచి భార్యతో వచ్చాడు. ఆమె ఎప్పటిలాగే అతని పక్కనే కూర్చుంది. విస్తరి ముందు నన్ను చూసి అతను గొంతు పెంచాడు.

"ఓ గుడ్డిదీపం! మంచిగున్నవా? నీతోని ఒక పని వడ్డదిరా నాకు."

"చెప్పు సర్దార్ సాబ్."

"నెత్తికి పెట్టుకునే లైటు ఒకటి చూసి తే. మోటరు కాడ డబ్బ ఇప్పాలంటె ఒక చేతిల ఫోను పట్టుకోవాలె, ఇంకో చేతిల స్క్రూడ్రైవర్. మూడో చెయ్యి దేవుడు ఇయ్యలేదు. రాత్రి నీళ్లు కట్టనీకె గూడ పనికిరావాలె. నీకంటె తెలిసినోడు ఎవడున్నడు?"

నేను తల ఊపాను. అతను అక్కడితో ఆపలేదు.

"కాని గీసారన్న గుడ్డిది ఇయ్యకు. ఉన్న పండ్లు గూడ పోతయ్!"

పదిహేను మందీ నవ్వారు. ఫిట్టరుకు పొలమారింది. నేను కూడా నవ్వాను. అన్నం కలుపుతూ, ఇతనికి గుడ్డిదీపమంటే ఏమిటో ఈసారి నిజంగా చూపించాలని అనుకున్నాను.

పరకాల మీదుగా వచ్చే బస్సులోనే డైరీ తీసి ఎదురెదురు పేజీల్లో రాశాను. ఎడమవైపు, రిపేరు పనికీ రాత్రి నడకకూ మంచి దీపం ఎలా ఉండాలో. కుడివైపు, సర్దారు దీపం ఎలా ఉండాలో. కుడి పేజీ రాయడానికే ఎక్కువ సేపు పట్టింది. ముప్పై ఏళ్లు మంచి దీపాలు ఇచ్చినవాడికి చెడ్డ దీపం ఎంచడం వెంటనే చేతకాదు. ఊరికే చెడ్డదైతే పెట్టెలోంచి తీసిన రోజే అవతల పారేస్తాడు. దుకాణంలో కళ్లు జిగేలుమనాలి, పని దగ్గర చేతులెత్తెయ్యాలి.

జనగామ స్టేషన్ రోడ్డులో నాకు తెలిసిన ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. నడిపే ముస్లిం అబ్బాయిని తండ్రి కాలం నుంచి ఎరుగుదును. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, గోధుమ రంగు వైరు ముక్కలు జేబులో వేసుకుని వెళ్లాను.

"తలకు పెట్టుకునే లైట్లు ఎన్ని రకాలున్నయో అన్నీ తియ్యి."

"చేపల కోసమా చాచా, చేను కోసమా?"

"రిపేరు పనికి. రాత్రి చేనుకు గూడ."

"రెండిటికి ఒక్కటే అంటే జర ముష్కిల్. గిది చూడు, రోడ్డు మీద పెడితే గా రైల్వే గేటు దాక కొడతది."

"నా చేతులు రైల్వే గేటు కాడ ఉండయి కదా బేటా. మూరెడు దూరంల ఉంటయి."

వెనక గోడౌనులో లైటు ఆర్పించి ఒక్కొక్కటీ తలకు పెట్టుకుని చూశాను. దూరం కొట్టే దీపం దగ్గరి వస్తువు మీద నడిమధ్యలో తెల్లటి బిళ్ల వేస్తుంది. మోటారు స్టార్టర్ డబ్బా లోపలి రేకు మీద పడితే ఆ మెరుపు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది, చుట్టూ ఉన్న స్క్రూలు చీకట్లో పోతాయి. చేతి పనికి వెలుగు పరుచుకున్నట్టు ఉండాలి, నడవడానికి కాస్త దూరం పోవాలి. మంచి దీపానికి ఈ రెండూ వేరువేరు బటన్ల మీద ఉంటాయి. తర్వాత అరచెయ్యి చూసుకున్నాను. లాంపు రూములో కొత్త బల్బు వేసినప్పుడల్లా చేసే పరీక్ష అది. అరచెయ్యి ఎర్రగా కనిపిస్తే మంచి వెలుగు. శవం చెయ్యిలా కనిపిస్తే ఆ వెలుగులో వైర్ల రంగులను నమ్మకూడదు. చౌక దీపాల్లో చాలావాటికి ఆ నీలపు రోగం ఉంది. వాటి కింద నా పసుపు ముక్క తెల్లగా, గోధుమ రంగుది ఎరుపులా కనిపించాయి.

నాకోసం ఒకటి ఎంచుకున్నాను. వెలుగు కొంచెం పసుపు తిరిగి ఉంది. తల వంచకుండా చేతుల మీదికి దించుకోవడానికి దీపం మెడ దగ్గర పళ్లున్నాయి, ఒక్కో పన్ను టక్కుమని నిలుస్తుంది. బ్యాటరీ తల వెనక ఉండి బరువు సమంగా పడుతుంది. బటను తడి వేలికి కూడా తెలుస్తుంది. పెట్టె మీద ఎన్ని గంటలని వేశారో నేను పట్టించుకోను. మొదటి అరగంట ధగధగలాడి తర్వాత కునుకు తీసేవే అన్నీ. నడిమి వెలుగులో ఎంతసేపు నిలబడుతుందో ఇంటికి తెచ్చి గడియారం పెట్టుకుని చూశాను. అన్నిటికంటే తక్కువ వెలుగులో ఎర్రది కూడా ఉంది. చేను దగ్గర తెల్ల వెలుగు వేస్తే పురుగులన్నీ ముఖం మీదికే వస్తాయి, ఎరుపుకు అంతగా రావు. దాన్ని ఆర్పాక చీకటికి కళ్లు అలవాటు పడడానికీ ఆలస్యం కాదు.

సర్దారుకు మరొకటి. బంగారు రంగు పూత, గుమ్మడికాయంత ముందు భాగం. బరువంతా నుదుటి మీదే. మెడలో పళ్లు లేవు, రెండు నిమిషాలకోసారి దానంతటదే వాలుతుంది. వెలుగు నీలం. ఆర్పాలంటే ఎక్కువ, తక్కువ, మిణుకు మిణుకు అన్నీ దాటుకుంటూ బటను నాలుగుసార్లు నొక్కాలి. వీటన్నిటినీ మించింది దాని సెన్సారు. ముందు నుంచి చెయ్యి కదిలితే ఆరిపోతుంది, మళ్లీ కదిలితే వెలుగుతుంది. బటను ముట్టకుండా వాడుకోమని పెట్టింది. స్క్రూ తిప్పేవాడి చెయ్యి ముఖం ముందు కదలకుండా ఎలా ఉంటుంది? నాకు గోడౌనులోనే నవ్వొచ్చింది.

"చాచా, గది వద్దు," అన్నాడు దుకాణం అబ్బాయి. "తీస్కపోయినోళ్లు మళ్లా వాపస్ తెస్తున్నరు. ఖరాబ్ మాల్."

"నాకు గదే కావాలె."

"ఎవరికి?"

"దోస్తుకు."

అతను పెట్టెలో పెడుతూ నా ముఖం చూశాడు. "దోస్తుకా, దుష్మన్‌కా?"

డబ్బులు లెక్కపెట్టి చేతిలో పెట్టాను. ఇంటికి వచ్చి కుడి పేజీలో రాసిన ప్రతి గుణం ఎదుటా టిక్కు పెట్టాను.

నా ఆలోచన ఇది. సర్దారు స్టార్టర్ కాలిపోయి కొత్తది తెచ్చుకున్నాడు, నేను దీపం తెచ్చాకే బిగిస్తానన్నాడు. సాక్షిగా ఫిట్టరును రమ్మన్నాను. పొద్దు గూకే వేళకు పని మొదలుపెట్టిస్తాను. బంగారు దీపంతో అతను తిప్పలు పడతాడు, తిడతాడు, ఇదేం దీపంరా అంటాడు. అప్పుడు నా దీపం తీసి అతని తలకు పెడతాను. "గుడ్డిదీపం గట్లుంటది, మంచి దీపం గిట్లుంటది. ఆ రోజు నీకిచ్చింది ఏదో నువ్వే చెప్పు" అని పాత డైరీ తెరుస్తాను. అతనికి దెబ్బ తగలాలని నేను కోరలేదు. కరెంటు దగ్గర ఆటలు ఆడే మనిషిని కాను. పని మొదలయ్యే ముందు ఫ్యూజులు మూడూ పీకి నా చొక్కా జేబులో వేసుకున్నాను.

మోటారు గదికి కిటికీ లేదు. రేకుల కప్పు, ఒక మనిషి పట్టే తలుపు. సర్దారు బంగారు దీపాన్ని చేతుల్లో తిప్పి తిప్పి తడిమాడు.

"అబ్బ! గిదీ లైటంటే. కిరీటం లెక్కుంది."

"పెట్టుకో సర్దార్ సాబ్," అన్నాను.

ఫిట్టరు ముందుకొచ్చాడు. "నేను చేస్త తియ్యే. గంతసేపు ఎందుకు?"

"నీకు రిటైరైనంక గూడ ఓవర్‌టైమ్ కావాల్నారా? గట్టు మీద కూసోని బీడీ తాగు."

బోరు నుంచి వచ్చే మూడు వైర్లు, ఎరుపు, పసుపు, నీలం, పాత స్టార్టరులో ఉన్న వరసలోనే కొత్తదాంట్లో బిగించాలి. సర్దారు డబ్బా ముందు కూర్చున్నాడు. భార్య చీపురు పట్టుకుని లోపలే నిలబడింది. ఊడవడానికి అక్కడ ఏమీ లేదు. నేను తలుపు దగ్గర నుంచి చూస్తున్నాను. అనుకున్నట్టే దీపం వాలి వెలుగు అతని మోకాళ్ల మీద పడింది. అతను తిడతాడని చూశాను. తిట్టలేదు, దీపాన్ని పైకి ఎత్తుకోలేదు కూడా. మొహం కొంచెం పక్కకు తిప్పుకుని, వేళ్లతో స్క్రూలు వెతుక్కుంటున్నాడు. స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాచగానే సెన్సారు పనిచేసింది. దీపం ఆరిపోయింది. గదిలో మసక.

అతని చేతులు ఆగలేదు. తలెత్తలేదు, నొసలు చిట్లించలేదు. అదే వేగంతో స్క్రూ తిప్పుతూ నాతో మాట్లాడుతున్నాడు.

"మంచి లైటు తెచ్చినవ్ రా. ఎంత ఎలుగు!"

దీపం ఆరిందన్న సంగతి అతనికి తెలియలేదు.

అప్పుడు నా చెవికి భార్య మాటలు పడ్డాయి. తనలో తాను అనుకుంటున్నట్టు, చాలా మెల్లగా. "గిది పసుపుది... ఆఁ, నడుమ... గిది ఎర్రది." అతని వేళ్లు ఆ మాటల వెంట కదులుతున్నాయి. ఆమె వంగి వంగి చూస్తోంది. వెలుగు లేనిచోట ఎరుపూ నీలమూ రెండూ నల్లగానే కనిపిస్తాయి. ఆమె తడబడింది. నేను ఎంచిన దీపం దెబ్బ తీసింది ఆమె కళ్లను.

పని అయిందన్నాడు. జేబులోంచి ఫ్యూజులు తీసి ఇచ్చాను. మోటారు మోగింది. బొద్దుగా దూకవలసిన నీళ్లు, పైపు అంచు నుంచి బొటనవేలంత ధారగా జారాయి.

సర్దారు పైపు కింద చెయ్యి పెట్టి చూసి గట్టు మీద కూలబడ్డాడు. "బోరు పోయిందే! మిర్చి ఎండుతదే!"

ఫిట్టరు బీడీ పారేసి నవ్వాడు. "బోరు ఏం గాలేదు. వైర్లు తారుమారు పెట్టినవ్. మోటరు ఉల్టా తిరుగుతుంది, అందుకే నీళ్లు ఎత్తుతలేదు. ఎర్రదానికి నీలిదానికి తేడా తెల్వదా సర్దార్ సాబ్? కండ్లున్నయా లేవా?"

ఫిట్టరు పరాచికానికే అన్నాడు. ఇరవై ఏడేళ్లుగా నేను ఎదురుచూసిన తలుపు దానంతటదే తెరుచుకుంది. ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను. సర్దారు భార్య చీపురు కింద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, జర గిట్ల రా."

కంది చేను మొదట్లో నిలబడ్డాం.

"నీకు తెలిసిపోయింది గదా?"

"ఎప్పటి నుంచి వదినా?"

"నా పెండ్లప్పటి నుంచి. రాత్రి ఊరేగింపుల నా కొంగు పట్టుకున్నడు, ఇడువలే. గింత సిగ్గులేదా అని మా అక్కలు నవ్విన్రు. నేను గూడ మురిసిన. ఇంటికి వచ్చినంక తెలిసింది. పొద్దు గూకితే ఏం కనవడది. ఇప్పుడు పగలు గూడ మంచు పట్టినట్టే ఉంటదట."

రేచీకటి. గని డాక్టరు ఏటేటా పట్టపగలు కిటికీ పక్కన నిలబెట్టి గోడ మీది అక్షరాలు చదివిస్తాడు, అందులో ఇది దొరకదు. కింద అతను కూలీల దీపాల వెంట, గోడ తడుముకుంటూ, అడుగులు గుర్తు పెట్టుకుని ఇన్నేళ్లు నడిచాడన్నమాట. ఆ రోజు ముందు నడిచేవాడు ఎవడో పక్కకు తప్పుకుని ఉంటాడు.

"అయితే నా దీపం మంచిదేనని నీకు తెలుసు."

ఆమె తల దించుకుంది. "తెలుసన్నా. చెప్తే నౌకరి పోతుండె. నీకు పేరే పోయింది, మాకు బువ్వ పోతుండె."

"పేరు పోతే ఎట్లుంటదో అంగట్ల మా ఇంటామెను అడుగు వదినా," అన్నాను. ఆమె ఏడ్చింది. నేను ఊరుకోబెట్టలేదు. ఫిట్టరు ముందు ఆ మాట అనలేదు, అంతే. అతని గుట్టు నేను బయటపెడితే అది నా మాట అవుతుంది. నాకు కావలసింది అతని మాట.

పొద్దుపోయిందని, వైర్లు పొద్దున చూద్దామని అందరం అక్కడే ఆగాం. ఆ రాత్రికి డైరీలో ఉన్నది ఒక్క వాక్యం: "వాళ్ల అన్నం తిన్నాను, కోపం తగ్గలేదు."

మరునాడు, బుధవారం పొద్దున ఏడింటికి చాయ్ గ్లాసులతో నలుగురం మోటారు గది ముందు మంచం మీద, గట్టు మీద కూర్చున్నాం. నేను పాత డైరీ తీసి, ఆ పేజీ తెరిచి సర్దారు చేతుల్లో పెట్టాను.

"చదువు సర్దార్ సాబ్. గట్టిగ. ఫిట్టరుకు ఇనవడాలె."

చదవలేడని తెలిసే ఇచ్చాను. భార్య గబగబా లేచింది. "నేను చదువుత తే."

"నువ్వు ఆగు వదినా."

సర్దారు పేజీని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. బొటనవేలితో సిరా మీద రుద్దాడు. ఏ సంవత్సరం డైరీయో, ఏ పేజీయో నేను చెప్పలేదు. అతని చాయ్ మీద మీగడ కట్టింది. తర్వాత, షిఫ్టు మొదట్లో నంబర్లు పిలిచే గొంతుతో మొదలుపెట్టాడు.

"రెండో షిఫ్టు. దీపం నంబరు రెండువందల పద్నాలుగు."

ఫిట్టరు బీడీ వెలిగించబోతున్నవాడు ఆగిపోయాడు.

"దీపం మంచిగున్నది. ఇచ్చినోడు మంచిదే ఇచ్చిండు. పట్టుకపోయినోనికి కండ్లు కనవడయి." డైరీ మూసి నా వైపు చాపాడు. చాపింది నేను కూర్చున్న వైపు కాదు, కొంచెం పక్కకు. "గంతే రాసి ఉంది."

ఫిట్టరు నన్ను చూశాడు, సర్దారును చూశాడు. "గట్లనే రాసినవా అన్నా? ఏదీ, చూడనియ్యి."

నేను డైరీ అందుకుని సంచిలో పెట్టేశాను. "గట్లనే రాసిన."

"అయితే మరి గిన్ని రోజులు నిన్ను గుడ్డి..." అని ఫిట్టరు నోరు మూసుకున్నాడు.

సర్దారు నా పేరు పెట్టి పిలిచాడు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తప్ప అతని నోట నా పేరు నేను వినలేదు. క్షమించమని అడగబోతున్నాడని అర్థమైంది. ఆ అవకాశం ఇవ్వదలచుకోలేదు. లేచి, నా సంచిలోంచి మంచి దీపం తీశాను. దాన్ని అతనికి ఇవ్వలేదు. అతని ముందు నుంచే, అతనికి వినపడేలా నడిచి, అతని భార్య దగ్గరికి వెళ్లాను.

"వదినా, దీపం చూసేటోళ్ల నెత్తి మీదుండాలె. నువ్వు పెట్టుకో. వైర్లు నువ్వే బిగియ్యి."

"నేనా! నలుగురు చూస్తే ఏమంటరన్నా?"

"చూడనీ."

ఆమె కొప్పు అడ్డం రాకుండా పట్టీని పైకి జరిపి, బిగువు సరిచేశాను. లాంపు రూములో కొత్తగా చేరినవాళ్లకు చేసినట్టే. మెడను రెండు పళ్లు కిందికి దించాను. అరచెయ్యి చూసుకోమన్నాను. "ఎర్రగుంది," అంది. నేను ఫ్యూజులు మూడూ పీకి జేబులో వేసుకున్నాక ఆమె లోపలికి వెళ్లింది. సర్దారు బయట మంచం మీద, విప్పిన స్క్రూలు దోసిట్లో పట్టుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఆ గదిలో ఆమె అతనికి సాయంగా ఉన్న తీరున.

కాసేపటికి అతను తలుపు వైపు మొహం తిప్పి అడిగాడు. "కనవడుతుందా?"

"సూది గూడ కనవడుతుంది," అంది లోపలి నుంచి. "గీ లైటు నాకెప్పుడో ఇస్తే అయిపోతుండె. ఎలుగు నీ చేతిల పెట్టి, నేను కింద నుంచి వంగి వంగి సచ్చిన గదా గిన్నేండ్లు!"

ఫిట్టరు పగలబడి నవ్వాడు. సర్దారు దోసిలి అలాగే పట్టుకుని తల వంచుకున్నాడు. ఫ్యూజులు పెట్టాను, మోటారు మోగింది, పైపు నిండా నీళ్లు దూకి కాలవలో పడ్డాయి. బంగారు దీపం మంచం కింద పడి ఉంటే తీసి సంచిలో వేసుకున్నాను. నవ్వు వినపడి అతను తలెత్తి, "ఎవలు నవ్వుతున్నరే?" అని భార్యను అడిగాడు.

ఫిట్టరు అప్పటికే నవ్వడం ఆపేశాడు. నవ్వుతున్నది నేను.